జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్

జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్ (1605 - 1689) ఫ్రాన్సు దేశానికి చెందిన వజ్రాల వ్యాపారి, యాత్రికుడు, గ్రంథకర్త. 1630వ దశకం ఆరంభం నుండి 1668 వరకు ఆరు పర్యాయాలు తూర్పు దేశాలలో సంచరించాడు. వాటిలో మొదటిది తప్ప మిగిలిన అయిదు యాత్రలలోనూ భారతదేశానికి వచ్చాడు. గోల్కొండ, బీజాపూరు రాజ్యాలలోని వజ్రాల గనులను స్వయంగా చూసి, అక్కడ మట్టిని తవ్వే విధానం, మోసే విధానం, కడిగే విధానం, కూలీల వేతనాలు, రాజుకు చెల్లించే సుంకాలు వివరంగా వ్రాసి ఉంచాడు. 1652లో మచిలీపట్నం నుండి నెల్లూరు తీరం మీదుగా మద్రాసుకు, అక్కడి నుండి గండికోటకు చేసిన ప్రయాణంలో మీర్ జుమ్లా జరిపించిన ఒక గని పరీక్ష సంగతి ఇతనికి తెలిసింది. తెలుగునేల మీద వజ్రాల అన్వేషణ చరిత్రలో ఆ ఉదంతం ముఖ్యమైనది.

బాల్యం, తొలి యాత్రలు

టావెర్నియర్ 1605లో పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి గాబ్రియేల్ టావెర్నియర్ ఆంట్‌వెర్ప్ నుండి పారిస్‌కు వలస వచ్చిన ప్రొటెస్టెంటు. వీరి కుటుంబంలో దేశపటాలను చెక్కడం, అమ్మడం వృత్తి. ఇంటికి వచ్చే పండితులు దూరదేశాల గురించి చెప్పుకొనే మాటలు వింటూ పెరిగిన ఈ బాలునికి చిన్ననాడే దేశాటనపై మక్కువ కలిగింది. ఇరవై రెండేళ్ళు నిండేసరికి ఐరోపాలోని ముఖ్య దేశాలు చాలావరకు చూశాడు.

మొదటి యాత్రలో కాన్‌స్టాంటినోపుల్ మీదుగా పర్షియాలోని ఇస్ఫహాన్ చేరి, 1633లో తిరిగి వచ్చాడు. 1638లో మొదలైన రెండవ యాత్రలో భారతదేశంలో అడుగుపెట్టి ఆగ్రా, గోల్కొండ చూశాడు. ఇతని వ్యాపార పద్ధతి సులభంగానే అర్థమవుతుంది. ఐరోపాలో దొరికే నగలు, ముత్యాలు, ఇతర విలువైన వస్తువులు తూర్పు దేశాల ప్రభువులకు అమ్మడం, ఆ ధనంతో ఇక్కడి వజ్రాలు, ఇతర రత్నాలు కొని పశ్చిమ దేశాలకు తీసుకొనిపోవడం. సరుకు తక్కువ బరువు, ఎక్కువ విలువ కలది కావడం వలన ఇతను పెద్ద బిడారులు నడపవలసిన అవసరం లేకపోయింది. కానీ సరుకు పుట్టే చోటును చూడకుండా కొనడం ఇతనికి ఇష్టం లేదు. గనుల చుట్టుపక్కల దారులు భయంకరమైనవనీ, అక్కడివారు అనాగరికులనీ ఐరోపా వర్తకులలో ఉన్న అపోహ తప్పని, తాను వెళ్ళి చూసి తెలుసుకొన్నట్లు తెలిపాడు.

రామళ్ళకోట గని

ఇతని గ్రంథంలో మొదట వర్ణించిన గని రావోల్‌కొండ. ఇది కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలంలోని రామళ్ళకోట అని పందొమ్మిదవ శతాబ్దపు భూగర్భ శాస్త్రవేత్త వాలెంటైన్ బాల్ గుర్తించాడు. టావెర్నియర్ కాలంలో ఇది బీజాపూరు సుల్తానుల ఏలుబడిలో ఉండేది.

ఇక్కడ వజ్రాలు రాతి పగుళ్ళలో ఉండే సన్నని మట్టి చారలలో దొరికేవి. ఆ చారలు కొన్ని అర అంగుళం, కొన్ని అంగుళం వెడల్పు మాత్రమే. కొన వంచిన ఇనుప కడ్డీలతో ఆ సందులలోని మట్టిని, ఇసుకను గీకి తీసి, పాత్రలలో పోసుకొని, తరువాత కడిగి వెతికేవారు. చారను అనుసరించి ముందుకు పోవడానికి పెద్ద గునపాలతో బండను బలంగా పొడవవలసి వచ్చేది. ఆ దెబ్బలకు లోపలి వజ్రాలు బీటలు వారేవి. రామళ్ళకోట రాళ్ళలో పగుళ్ళు ఎక్కువగా కనబడడానికి ఇదే కారణమని టావెర్నియర్ అభిప్రాయం.

ఇతను ఇచ్చిన అంకెలు శ్రద్ధగా చూడదగినవి. పని బాగా తెలిసిన కూలికి కూడా ఏడాదికి మూడు వరహాలే వేతనం. యాభైమంది కూలీలను పెట్టుకొన్న వర్తకుడు రాజుకు రోజుకు రెండు వరహాలు, నూరుమందిని పెట్టుకొంటే నాలుగు వరహాలు చెల్లించాలి. కొన్న సరుకు మీద నూటికి రెండు వంతున సుంకం వేరు. సంవత్సరం పొడవునా పని సాగిందనుకొని లెక్క వేస్తే, యాభైమంది కూలీల మొత్తం వేతనం 150 వరహాలు కాగా, వారిని పనిలో పెట్టుకొన్నందుకు రాజుకు చెల్లించేది 730 వరహాలు అవుతుంది. తవ్వే వానికంటే తవ్వనిచ్చే వానికి దాదాపు అయిదు రెట్లు ముట్టినదన్నమాట.

ఇంత తక్కువ కూలికి పనిచేసేవారు అవకాశం దొరికితే రాయి దాచుకోవడంలో ఆశ్చర్యం లేదు. అందువలన యాభైమంది కూలీలకు పన్నెండు నుండి పదిహేనుమంది వరకు కాపలాదారులు ఉండేవారు. కూలీల ఒంటిమీద చిన్న గోచీ తప్ప మరే గుడ్డా ఉండేది కాదు. అయినా ఒకడు రెండు మంజాడుల ఎత్తు రాయిని కంటి కొలికిలో దాచి పట్టుబడిన సంగతి టావెర్నియర్ పేర్కొన్నాడు. మంజాడి అనగా వజ్రాలు తూచడానికి వాడిన గింజ పేరుమీద ఏర్పడిన తూకం. ఏడెనిమిది మంజాడులకు మించిన రాయి దొరికి, దానిని యజమానికి అప్పగించిన కూలికి పాగా గుడ్డ, కొద్దిపాటి డబ్బు, లేదా బియ్యం, పంచదార బహుమానంగా ఇచ్చేవారు.

రత్నాల బేరం మాటలు లేకుండా జరిగేది. అమ్మేవాడు, కొనేవాడు ఎదురెదురుగా కూర్చొని, నడికట్టు గుడ్డ చాటున చేతులు కలుపుతారు. మొత్తం చేయి పట్టుకొంటే వేయి, ఒక వేలు పట్టుకొంటే నూరు, వేలిని నడిమి కణుపు వరకు పట్టుకొంటే యాభై, వేలి కొన పట్టుకొంటే పది. పక్కన ఎంతమంది ఉన్నా ధర మూడవవానికి తెలియదు. మన పశువుల సంతలలో తువ్వాలు చాటున సాగే బేరాలను ఎరిగినవారికి ఇది కొత్త కాదు. వర్తకుల పిల్లలు, పదేళ్ళ నుండి పదహారేళ్ళ లోపువారు, ప్రతి ఉదయం ఒక చెట్టు కింద చేరి, నడుముకు తూనికరాళ్ళ సంచి, వరహాల సంచి కట్టుకొని, వచ్చిన రాళ్ళను పరీక్షించి కొనేవారట.

కొల్లూరు: తవ్వకం, మోత, కడుగుడు

రెండవది కృష్ణానది కుడి గట్టున ఉన్న కొల్లూరు గని. టావెర్నియర్ చెప్పిన కథనం ప్రకారం, అంతకు సుమారు నూరేళ్ళ క్రితం ఒక పేద రైతు చిరుధాన్యం చల్లడానికి నేల తవ్వుతుండగా ఇరవై అయిదు కారట్ల రాయి దొరికి ఈ గని వెలుగులోకి వచ్చింది. ఇతను చూసేనాటికి అక్కడ స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి అరవై వేలమంది పనిచేస్తున్నారు. ఇది తల లెక్క కాదు, చూపుతో వేసిన అంచనా. అంతకు పాతికేళ్ళ ముందు కొల్లూరు చూసిన ఆంగ్లేయుడు విలియం మెథోల్డ్ ముప్పై వేలమంది అన్నాడు. రెండింటిలో చిన్న సంఖ్యను తీసుకొన్నా అది ఒక నగరమంత జనం.

రామళ్ళకోటలో రాతి సందుల పని, కొల్లూరులో మట్టి పని. తవ్వకం మొదలుపెట్టేముందు ఒక చిన్న శిలావిగ్రహాన్ని నిలిపి పూజ చేసేవారు. నుదుట లేపనం పెట్టి బియ్యపు గింజలు అంటించేవారు. స్నానాలైన తరువాత వర్తకులు భోజనం పెట్టేవారు. మరునాటి నుండి పని.

ముందుగా తవ్వబోయే చోటుకు దగ్గరలో, అంతకంటే కొంచెం పెద్దదైన మరొక చోటును చదునుచేసి, చుట్టూ రెండడుగుల ఎత్తు గోడ కట్టేవారు. పురుషులు నేలను తవ్వితే స్త్రీలు, పిల్లలు ఆ మట్టిని మోసి ఈ గోడల మడిలో పోసేవారు. పది, పన్నెండు, కొన్నిచోట్ల పద్నాలుగు అడుగుల లోతు వరకు తవ్వకం సాగేది. నీరు ఊరిందంటే ఆ గుంతలో ఇక ఆశ లేదు. అయితే ఆ నీరు వృథా కాదు. దానినే కడవలతో తోడి మడిలోని మట్టిమీద పోసి, ఒకటి రెండు రోజులు నాననిచ్చేవారు. మట్టి జావలాగా అయిన తరువాత గోడ అడుగున వదిలిన కంతలను తెరిస్తే బురదనీరు పోయి, ఇసుక, కంకర మిగిలేవి. అవసరమైతే ఇలా రెండు మూడు సార్లు కడిగేవారు. మిగిలినదానిని ఎండలో ఆరబెట్టి, చేటలతో తూర్పారబట్టి, గడ్డలను రోకళ్ళవంటి దుంగలతో చితకగొట్టి, మళ్ళీ చెరిగి, చివరకు వరుసగా కూర్చొని చేతులతో ఏరేవారు.

ఈ క్రమంలో గునపానికి వచ్చినంత పేరు తట్టకు రాలేదు. నిజానికి ఎక్కువమంది చేసినది తట్ట పనే. దొరికే వజ్రం గోరంత అయినా, దానికోసం గుట్టలకొద్దీ మట్టి గుంత నుండి మడికి చేరాలి. కడుగు మడిని గుంత పక్కనే కట్టుకోవడం, గుంతలోని నీటినే కడుగుడుకు వాడుకోవడం మోతను తగ్గించుకొనే ఉపాయాలు. గోల్కొండ వజ్రాల ప్రసిద్ధి వెనుక ఉన్న ఈ స్త్రీల, పిల్లల శ్రమను చరిత్రకు అందించడం టావెర్నియర్ చేసిన మేలు.

నెల్లూరు తీరం మీదుగా

నాలుగవ యాత్రలో టావెర్నియర్ 1652 జూలైలో పర్షియా తీరం నుండి ఓడలో మచిలీపట్నం చేరాడు. తాను తెచ్చిన ముత్యాలు, రత్నాలు గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్ షాకు అమ్మాలని ఇతని ఉద్దేశం. కానీ సుల్తాను ఏది కొనాలన్నా ముందు మంత్రి, సేనాధిపతి అయిన మీర్ జుమ్లా చూడాలి. మీర్ జుమ్లా ఆ సమయంలో గండికోటలో ఉన్నాడు. అందుచేత గోల్కొండకు పోవలసినవాడు దక్షిణానికి దారి పట్టాడు.

వానకాలపు ప్రయాణం. బెజవాడ వద్ద కృష్ణ దాటి, కొండవీడు, అద్దంకి, కందుకూరు మీదుగా నెల్లూరు చేరాడు. నెల్లూరు దాటిన తరువాత సర్వేపల్లి మజిలీ. ఇది తరువాతి కాలంలో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఇంటిపేరుకు మూలమైన ఊరు. అక్కడి నుండి పులికాట్ వరకు నేల పల్లమై, ఏళ్ళు, ఉప్పుకయ్యలతో నిండి ఉంటుంది. పులికాట్‌కు ముందు చివరి మజిలీలో ఒక క్రోసుకు పైగా సముద్రపు నీటిలోనే నడవవలసి వచ్చింది. చాలాచోట్ల నీరు గుర్రాల జీను వరకు వచ్చింది. చుట్టుదారి వేరే ఉన్నా అది రెండు మూడు క్రోసులు ఎక్కువ. నడుముకు రత్నాల మూట కట్టుకొన్న వ్యాపారి దగ్గరి దారినే ఎంచుకొన్నాడు.

పులికాట్‌లో డచ్చివారి గెల్డ్రియా కోట ఉండేది. అక్కడి జనం తాగునీటికోసం సముద్రపు పోటు తగ్గిన వేళ ఇసుకలో చెలమలు తవ్వుకొనడం, అలల పక్కనే మంచినీరు ఊరడం ఇతనికి వింతగా తోచింది. తీరవాసులకు ఇది తెలిసిన సంగతే. ఆగస్టులో మద్రాసు చేరి, ఆంగ్లేయుల సెయింట్ జార్జి కోట చూసి, అక్కడి నుండి వాయవ్యంగా లోపలి నేలకు తిరిగి, సెప్టెంబరు ఆరంభంలో గండికోట చేరాడు. గండికోట కొండలను చీల్చుకొని పారే పెన్నానదే దిగువన నెల్లూరు పక్కగా పోయి సముద్రంలో కలుస్తుంది. టావెర్నియర్ ఒకే నదిని ముందు సముద్రపు దాపున, తరువాత కొండల గండిలో చూశాడు.

గండికోటలో మీర్ జుమ్లా

మీర్ జుమ్లా అసలు పేరు మీర్ ముహమ్మద్ సయ్యద్. పర్షియాలోని అర్దిస్తాన్ నుండి వచ్చి, వజ్రాల వ్యాపారంతో, గనుల గుత్తలతో ధనికుడై, గోల్కొండ కొలువులో పైకి వచ్చాడు. పెమ్మసాని నాయకుల నుండి గండికోటను అప్పుడే స్వాధీనం చేసుకొన్నాడు. కాలివేళ్ళ మధ్య, చేతివేళ్ళ మధ్య ఉత్తరాలు ఇరికించుకొని, ఒక్కొక్కటే తీసి జవాబులు చెప్పి వ్రాయిస్తూ రాజ్యభారం నడిపే ఈ మనిషి టావెర్నియర్‌ను ఆకట్టుకొన్నాడు. కోటలో ఒక ఫ్రెంచి ఫిరంగుల పనివాడు చుట్టుపక్కల దేవాలయాల విగ్రహాలను కరగించి ఫిరంగులు పోతపోసే పనిలో ఉండడం కూడా ఇతను నమోదు చేశాడు.

ఒకనాడు మీర్ జుమ్లా అయిదు చిన్న సంచులు తెప్పించి టావెర్నియర్ ముందు పెట్టించాడు. వాటినిండా పలుచని వజ్రాలు. కానీ వాటి నీరు తెల్లనిది కాదు, నలుపు కలిసిన గోధుమరంగు. ఇటువంటివి ఐరోపాలో అమ్ముడుపోతాయా అని మీర్ జుమ్లా అడిగాడు. తెల్లని నీరు ఉంటేనే పోతాయని టావెర్నియర్ సమాధానం. అప్పుడు మీర్ జుమ్లా ఆ రాళ్ళ కథ చెప్పాడు. కర్ణాటక రాజ్యాన్ని జయించడానికి పూనుకొన్నప్పుడు అక్కడ వజ్రాల గనులున్నాయని తెలిసింది. పన్నెండు వేలమందిని పెట్టి ఒక ఏడాది పాటు తవ్వించాడు. ఏడాది చివర దొరికినది ఈ అయిదు సంచులే. అదీ ఈ రంగు. ఇక అది వృథా శ్రమ అని తేల్చి, పని ఆపించి, జనాన్ని తిరిగి వ్యవసాయానికి పంపించివేశాడు.

టావెర్నియర్ ఈ సంగతిని కొద్ది వాక్యాలలో ముగించాడు. అయితే నేటి పరిభాషలో చెప్పాలంటే మీర్ జుమ్లా చేయించినది పెద్ద మోతాదు నమూనా పరీక్ష. బంగారం, రాగి వంటి లోహాలకు సన్నని బోరు వేసి తీసిన కొద్ది కిలోల రాయిని ప్రయోగశాలలో పరీక్షిస్తే చాలావరకు సంగతి తెలుస్తుంది. వజ్రాల విషయంలో అలా కుదరదు. మధ్యప్రదేశ్‌లోని పన్నా దగ్గర మఝగవాన్ గనిలో నూరు టన్నుల రాతికి సుమారు పది కారట్లు, అంటే రెండు గ్రాములు మాత్రమే లభిస్తాయి. కొద్దిపాటి నమూనాలో ఒక్క రాయి కూడా దొరకకపోవచ్చు, లేదా అదృష్టవశాత్తు ఒకటి దొరికి మోసగించవచ్చు. అందుచేత ఈనాటి అన్వేషకులు కూడా వందల, వేల టన్నుల మట్టిని, రాతిని తవ్వి, ఏ గుంత నుండి ఎంత తీశారో లెక్క తప్పకుండా లారీలలో శుద్ధి కేంద్రానికి చేర్చి, పగులగొట్టి, కడిగి, బరువైన కంకరను వేరుచేసి, ఎక్స్‌రే యంత్రాలతో వజ్రాలను ఏరుతారు. టన్నుకు ఎన్ని కారట్లు అన్నది మొదటి ప్రశ్న. కారటు ధర ఎంత అన్నది రెండవ ప్రశ్న. రెండవదానికి జవాబు కావాలంటే గుప్పెడు రాళ్ళు చాలవు, రంగు, పరిమాణం చూసి వెల కట్టగల వర్తకుని ముందు ఒక మూట పెట్టాలి. గండికోటలో జరిగినది సరిగ్గా ఇదే.

దీనికి అయిన ఖర్చును టావెర్నియర్ చెప్పలేదు. రామళ్ళకోట కూలి రేటునే పన్నెండు వేలమందికి వర్తింపజేస్తే 36,000 వరహాలవుతుంది. ఏడాది పాటు పొలాలు వదిలి వచ్చినవారి పంట నష్టం ఈ లెక్కలోకి రాదు. గనులపై ఎంతో సంపాదించిన మీర్ జుమ్లా, ఇంకొక ఏడాది చూద్దామనుకోకుండా పని మాన్పించడం అతని వ్యాపార వివేకానికి గుర్తు. పలుగు, తట్ట పట్టిన పన్నెండు వేలమందిని ఆ పనికి ఎలా రప్పించారన్నది వేరే ప్రశ్న. జయించిన దేశంలో సేనాధిపతి ఆజ్ఞకు ఎదురు చెప్పగలిగినవారు ఎందరుంటారు?

టావెర్నియర్ గండికోటలో రెండు వారాలు గడిపి గోల్కొండకు బయలుదేరాడు. మీర్ జుమ్లా 1656లో మొగలుల పక్షం చేరాడు. అతడు షాజహానుకు సమర్పించిన పెద్ద కొల్లూరు వజ్రాన్ని టావెర్నియర్ 1665 నవంబరు 2న ఔరంగజేబు కొలువులో చేతపట్టి చూసి, తూచి, బొమ్మ గీశాడు. దానినే మహా మొగలు వజ్రం అంటారు.

నీలి వజ్రం, చివరి దశ

1662లో టావెర్నియర్ ఒక నగల వర్తకుని కుమార్తె మదలెన్ గ్వాస్‌ను వివాహమాడాడు. ఆరవ యాత్ర ముగించి 1668లో ఫ్రాన్సు చేరిన తరువాత పద్నాలుగవ లూయీ రాజుకు వేయికి పైగా వజ్రాలు అమ్మాడు. వాటిలో 112 కారట్లకు పైబడిన నీలి వజ్రం ఒకటి. అది కొల్లూరుదని పలువురి నమ్మకం. రాజు దానిని 1673లో తిరిగి చెక్కించాడు. 1792లో విప్లవకాలపు దొంగతనంలో అది మాయమైంది. దాని నుండి కోసినదిగా భావించే 45.52 కారట్ల హోప్ వజ్రం 1958 నుండి వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంగ్రహాలయంలో ఉంది. ఈ రాయిని సీతమ్మ విగ్రహం కంటి నుండి దొంగిలించారనీ, ఆ శాపంవల్ల టావెర్నియర్‌ను అడవికుక్కలు చంపాయనీ పత్రికలలో వచ్చే కథలు కల్పితాలు.

1669లో రాజు ఇతనికి ప్రభువర్గపు హోదా ఇచ్చాడు. 1670లో జెనీవా సమీపంలోని ఓబోన్ జమీను కొన్నాడు. యాత్రా గ్రంథం 1676లో ఫ్రెంచిలో వెలువడింది. త్వరలోనే ఆంగ్లంలోకి అనువాదమైంది. ఆర్థికంగా చితికిపోయి 1685లో ఓబోన్‌ను అమ్ముకొన్నాడు. ప్రొటెస్టెంటులకు ఫ్రాన్సులో రక్షణ తొలగినదీ ఆ సంవత్సరమే. ఎనభై దాటిన వయసులో రష్యా మార్గంలో మళ్ళీ తూర్పుకు బయలుదేరి, 1689లో ఆ దేశంలోనే మరణించాడు.

గనుల ఆచూకీ

టావెర్నియర్ వ్రాసిన ఊళ్ళ పేర్లు ఫ్రెంచి ఉచ్చారణలో గుర్తుపట్టరానంతగా మారిపోవడంతో రెండు శతాబ్దాల పాటు ఆ గనులు ఎక్కడివో తెలియక గందరగోళం ఏర్పడింది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన వాలెంటైన్ బాల్ మజిలీల దూరాలను పటాలతో సరిపోల్చి వాటిని గుర్తించి, 1889లో రెండు సంపుటాల ఆంగ్లానువాదాన్ని వివరణలతో ప్రచురించాడు. మీర్ జుమ్లా తవ్వించిన గని పేరును టావెర్నియర్ ఇవ్వలేదు. కడప సమీపంలో చెన్నూరు వద్ద పెన్నా ఒడ్డు కంకర పొరలలో వజ్రాల పాత గుంతలు ఉన్నాయి. కొల్లూరు గ్రామం పులిచింతల జలాశయం ముంపులోకి వెళ్ళింది. ఆ ప్రాజెక్టును 2013లో ప్రారంభించారు.